నీలి చుక్క గుమ్మం దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రిలో స్కానింగ్ గది కోసం అరగంట తిరిగాను. ఫోన్ మ్యాప్‌లో మేమున్న చోటు చూపే నీలి చుక్క ఒకసారి రోడ్డు అవతల, ఒకసారి పక్క బ్లాకులో. మేము ఏ అంతస్తులో ఉన్నామో దానికి తెలియనే తెలియదు. లిఫ్టు ఉంటుందనుకుని వెళ్తే మెట్లు ఎదురయ్యాయి. అమ్మ ముఖంలో టెన్షన్ చూడలేకపోయాను.

ఆ చుక్కకు ఆధారమైన జీపీఎస్ సిగ్నల్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల నుంచి వస్తుంది. నేలకు చేరేసరికి బాగా బలహీనపడుతుంది, స్లాబులు దాటి రావడం కష్టం. ఎత్తైన భవనాల మధ్య గోడలకు తగిలి మళ్లుతుంది. సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టే ఫోన్ మన చోటు లెక్కగడుతుంది. ఆ మళ్లింపులో 30 మీటర్లు అదనంగా ప్రయాణిస్తే పట్టే సమయం సెకనులో కోటో వంతే, కానీ అంత చాలు మనల్ని పక్క వీధిలో చూపించడానికి. భవనాల త్రీడీ నమూనా ఉంటే ఏ ఉపగ్రహం ఏ గోడ చాటున ఉందో లెక్కగట్టి ఈ తప్పు సరిదిద్దవచ్చు. గూగుల్ 2020లోనే ఆండ్రాయిడ్ ఫోన్లలోకి ఈ పద్ధతి తెచ్చింది.

భవనం లోపలికి మాత్రం గదులు, తలుపులు, ర్యాంపులు, లిఫ్టులతో వేరే నమూనా కావాలి. అది ఉంటే కెమెరాకు కనిపించేదాన్ని దానితో పోల్చి ఫోన్ తన చోటు తెలుసుకుంటుంది. అలాంటి నమూనాను అందరూ ఒకే తీరులో రాసుకోవడానికి ఇండోర్‌జీఎంఎల్ అనే ప్రమాణం 2014 నుంచీ ఉంది. కొత్త భవనాల ప్లాన్లు ఎలాగూ కంప్యూటర్‌లోనే గీస్తున్నారు కదా! జనం వచ్చే ప్రతి పెద్ద భవనానికీ ఈ నమూనా తప్పనిసరి చేయాలి. ఒక్క తలుపు మూసేసినా ఆ వారమే అందులో మార్చాలి. చూపు లేనివారూ, పొగలో దారి వెతుక్కునే అగ్నిమాపక సిబ్బందీ దాన్నే నమ్ముకుని నడుస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు