గేటు దగ్గర డబ్బులిస్తేనే టేబులా? నా ఫిర్యాదుకి ఇంతవరకు జవాబు లేదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి, అలాగే ఈ రెస్టారెంట్ల యజమానులకి,

విషయం: మీ కూకట్‌పల్లి బ్రాంచిలో డబ్బులిచ్చినవాళ్లకి ముందు టేబుల్ ఇవ్వడం, దాని మీద నేను చేసిన ఫిర్యాదుని ఎవరూ పట్టించుకోకపోవడం.

నమస్కారం. ఈ మెయిల్ దయచేసి ఒక మనిషి చదవండి. ఇంతకుముందు పంపినవాటికి మెషీన్ జవాబులే వచ్చాయి.

జరిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మానాన్నలతో కలిసి ఐదుగురం వచ్చాం. గేటు దగ్గర అట్ట పట్టుకున్న అబ్బాయి మా పేరు, ఫోన్ నంబర్ రాసుకున్నాడు, పెన్సిల్‌తో. మా ముందు మూడు ఫ్యామిలీలు ఉన్నాయన్నాడు. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆ మూడు ఫ్యామిలీలూ లోపలికి వెళ్లిపోయాయి. తర్వాత మా వంతు రావాలి కదా. మా తర్వాత కారు దిగినాయన ఆ అబ్బాయి దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పి చెయ్యి కలిపాడు, మడతపెట్టిన నోటు అట్టకింద నుంచి జేబులోకి పోవడం నేను కళ్లారా చూశాను, వెంటనే "నలుగురా సార్, పైకి రండి" అని పిలిచాడు. ఇంకో జంట వస్తే వాళ్లకి ఫోన్‌లో తన క్యూఆర్ కోడ్ చూపించాడు. నేను వెళ్లి అడిగితే మొహమాటం కూడా లేకుండా "రెండు వందలిస్తే చూస్తా సార్, పైన కెప్టెన్‌కి కూడా చెప్పాలి కదా" అన్నాడు. నేను ఇవ్వనన్నాను. అప్పటికే "ఇంకో పది నిమిషాల్లో టేబుల్ ఖాయం" అని అతను చెప్పిన మాట నమ్మి మా నాన్నగారు ఇన్సులిన్ వేసుకున్నారు. అది వేసుకున్నాక అరగంటలో అన్నం పడాలి. గంట దాటింది. ఆయనకి చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైతే పక్క షాపులో కూల్‌డ్రింకు కొని తాగించి ఇంటికి తీసుకెళ్లిపోయాం.

ఇది ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. తప్పు ఎక్కడైనా జరుగుతుంది. చెప్పినప్పుడు వినే దిక్కు లేకపోవడమే నాకు భరించలేనిదిగా ఉంది.

ముందు అక్కడే మీ మేనేజర్‌కి చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తలెత్తకుండా "సండే ఇలాగే ఉంటుంది సార్, రిజర్వేషన్ చేసుకుని రావాల్సింది" అన్నారు. అంతలో కౌంటర్ మీద ఫోన్ మోగింది. ఆయనే తీసి, నా ఎదురుగానే, "ఆదివారం రిజర్వేషన్లు తీసుకోమండి, డైరెక్ట్‌గా వచ్చేయండి" అని అవతలివాళ్లకి చెప్పారు. పెట్టేశాక నా మొహం వైపు చూడలేదు. ఇంకో కస్టమర్‌కి బిల్లు కొడుతూ ఉండిపోయారు.

తర్వాత మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. హోమ్ డెలివరీకి ఒకటి నొక్కండి, కేటరింగ్‌కి రెండు నొక్కండి, బ్రాంచీల వివరాలకి మూడు నొక్కండి. ఫిర్యాదుకి అసలు నంబరే పెట్టలేదు. మనిషి గొంతు వినపడుతుందని కేటరింగ్ నొక్కితే ఎవరో ఉత్సాహంగా "ఎన్ని ప్లేట్లు సార్?" అన్నారు. ఆయన ఇంకొకరికి కలిపారు, వాళ్లు హోల్డ్‌లో పెట్టారు, మ్యూజిక్ విని విని ఫోన్ కట్టయింది. మళ్లీ చేశాను. ఈసారి ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, అంతా విని చివర్లో "బిల్ నంబర్ చెప్పండి సార్" అంది. తినకుండా వచ్చేస్తే బిల్లెక్కడిదమ్మా అన్నాను. "బిల్ నంబర్ లేకపోతే టికెట్ రైజ్ అవ్వదు సార్, సిస్టమ్ తీసుకోదు" అంది. మరి నేనేం చెయ్యాలంటే పాత బిల్లు ఏదైనా ఉంటే ఆ నంబర్ ఇవ్వమంది. పోయిన నెల తిన్న బిల్లు నంబర్ ఇచ్చాను.

దాని ఫలితం ఏంటంటే, రెండో రోజు మీ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: "మా ఆహార నాణ్యత మీకు నచ్చనందుకు చింతిస్తున్నాం." ఆహారం గురించి నేను ఒక్క మాట అనలేదు. మీ బిర్యానీ బాగుంటుంది కాబట్టే కదా ఎండలో అంతసేపు కూర్చున్నాం. ఆ సాయంత్రమే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు? ఎవరిని అడిగారు? గేటు దగ్గర సీసీ కెమెరా ఉంది, పావుగంట కూర్చుని చూస్తే అంతా తెలిసిపోతుంది, అది చూశారా?

మళ్లీ ఫోన్ చేస్తే ఇంకొకాయన తీశారు. మొదట్నుంచి మళ్లీ చెప్పాను. ఆయన "టిప్ ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం సార్, కంపెనీ బలవంతం చెయ్యదు" అన్నారు. అయ్యా, నేను టిప్ గురించి కాదు, టేబుల్ అమ్ముకోవడం గురించి చెప్తున్నాను అంటే మళ్లీ అదే వాక్యం. ఏరియా మేనేజర్ 48 గంటల్లో కాల్ చేస్తారని చెప్పి పెట్టేశారు. ఆ కాల్ ఈరోజుకీ రాలేదు. వచ్చింది 15 శాతం డిస్కౌంట్ కూపన్, అది కూడా సోమవారం నుంచి గురువారం వరకే, రెండు వేలు దాటిన బిల్లుకే.

ఇంకో విషయం. ఆ ఆదివారం మేం ఇంటికి చేరాక "మీ టేబుల్ సిద్ధంగా ఉంది" అని మీ మెసేజ్ వచ్చింది, రాత్రికి "మా దగ్గర మీ అనుభవం ఎలా ఉంది, రేటింగ్ ఇవ్వండి" అని ఇంకోటి. అంటే నేను ఆ రోజు వచ్చినట్టు మీ సిస్టమ్‌కి బాగా తెలుసు. రేటింగ్ అడగడానికి అవసరం లేని బిల్ నంబర్ ఫిర్యాదుకి మాత్రం ఎందుకు కావాలి?

మీ స్టాఫ్‌కి డబ్బులివ్వడం ఇష్టంలేని పిసినారిని అనుకోకండి. మీకు ఒక్క బ్రాంచే ఉన్న రోజుల నుంచి మీ దగ్గర తింటున్నాం. మా అక్క పెళ్లి కుదిరిన రోజు మీ దగ్గరే తిన్నాం, మా పాప అన్నప్రాసనకి మీ పార్టీ హాలే తీసుకున్నాం. అడగకుండానే ఇంకో గిన్నె సాలన్ తెచ్చిపెట్టి, నాన్నగారికి మెత్తటి ముక్క వెతికి వేసే సర్వర్ ఉన్నారు మీ దగ్గర, సోంపు ప్లేటులో ఆయనకి వంద, రెండు వందలు పెట్టకుండా ఎప్పుడూ లేవలేదు. అది తిన్నాక, మన సంతోషం కొద్దీ, చేసిన పనికి ఇచ్చేది. దాని వల్ల పక్క టేబుల్ వాళ్లకి పోయేదేమీ లేదు. గేటు దగ్గర ఇచ్చే డబ్బు అలాంటిది కాదు. ఒకరు రెండు వందలిచ్చి ముందుకెళ్తే ఆ రెండు వందల ఖరీదు వరసలో కూర్చున్న ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కట్టాలి. లోపల పొద్దుట్నుంచి నిలబడి వడ్డించే సర్వర్‌కి అందులో పైసా రాదు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది, ధర అందరికీ తెలుసు, టికెట్ ఉంటుంది, క్యూ వేరే ఉంటుంది. మీకూ తొందర టేబుళ్లు అమ్ముకోవాలని ఉంటే బోర్డు పెట్టి రసీదు ఇచ్చి అమ్ముకోండి, మా ఇష్టమైతే వస్తాం లేకపోతే లేదు. పెన్సిల్‌తో రాసి రబ్బరుతో చెరిపే లిస్టు పెట్టి మమ్మల్ని మోసం చెయ్యకండి.

ఆ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసెయ్యమని నేను అడగడం లేదు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు, పై వాళ్లకి వాటా లేకుండా అంత ధైర్యంగా చెయ్యడు. టోకెన్ నంబర్లు అందరికీ కనపడేలా స్క్రీన్ మీద పెట్టండి, టేబుల్ కోసం డబ్బులివ్వొద్దని గేటు దగ్గర తెలుగులో రాయించండి, పెద్దవాళ్లకి, షుగర్ పేషెంట్లకి ముందు కూర్చునే ఏర్పాటు చెయ్యండి. అన్నిటికంటే ముందు ఆ మేనేజర్, మీ ఏరియా మేనేజర్ మా ఇంటికి ఫోన్ చేసి నాన్నగారితో మాట్లాడాలి.

పది రోజులు చూస్తాను. తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెప్తాను. ఆ రోజు బిల్లు లేదు కాబట్టి ఏమీ కాదని అనుకుంటున్నారేమో, నా దగ్గర పాత బిల్లులున్నాయి, ప్రతి దాంట్లో మీరు అడగకుండా కలిపిన సర్వీస్ చార్జ్ ఉంది. ఏ పేరుతోనైనా సరే అలా దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న దాన్ని సమర్థించింది. అంటే లోపల సర్వీస్ చార్జ్, బయట గేటు చార్జ్, రెండూ మా దగ్గరే వసూలు చేస్తున్నారు. ఐదు లక్షల లోపు కేసుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు, నేనుండే చోటే వేసుకోవచ్చు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పటికే పెట్టాను, మాకూ ఇలాగే జరిగిందని చాలామంది రాశారు, వాళ్ల బిల్లులు కూడా తీసి ఉంచమన్నాను.

జవాబు రాసేవాళ్లు పేరు, హోదా రాసి పంపండి. ఈసారి ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలియాలి.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి మీ పాత కస్టమర్