పుట్టింటికి వెళ్ళే గర్భిణితో మందులూ వెళ్ళాలి

సంపాదకుడు గారికి,

హెచ్‌ఐవీ అనగానే మన ప్రకాశం జిల్లాలో ఇప్పటికీ లారీలు, హైవే పక్క దాబాలే గుర్తొస్తాయి. దోమ కుడితే వస్తుందా, ఒకే కంచంలో తింటే అంటుకుంటుందా అని అడిగేవారూ తగ్గలేదు. రాదు. కండోమ్ లేని కలయిక, ఒకరు వాడిన సిరంజి, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డ: సోకే ముఖ్యమైన దారులు ఇవే. చివరి దారిని దాదాపుగా మూసేయవచ్చు. వైద్యమే లేకపోతే హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టే నూరుగురు బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. మందులు సరిగ్గా పడితే ఐదుగురికి లోపే.

చిక్కల్లా పుట్టింటి ప్రయాణంలో వస్తోంది. చీమకుర్తిలోనో కనిగిరిలోనో మందులు మొదలుపెట్టిన అమ్మాయి, ఏడో నెలలో సీమంతం కాగానే కాన్పుకు వేరే ఊరు వెళ్తుంది. పుట్టింట్లో ఎవరికీ తెలియకూడదని మాత్రలు అత్తగారింట్లోనే వదిలేస్తుంది. నాలుగు రోజులు మానితే వైరస్ మళ్ళీ పెరగడం మొదలవుతుంది, అదీ సరిగ్గా కాన్పు ముందు. బయలుదేరే ముందే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) కేంద్రంలో చెబితే రెండు మూడు నెలల మందులో, అక్కడి కేంద్రానికి బదిలీ చీటీనో ఇస్తారు. ఆ మాట ముందుగా అడగాల్సింది కౌన్సెలరే.

ఇంకొకటి, చాలామంది చెప్పనిది. గర్భిణులకు ఐరన్, కాల్షియం మాత్రలు తప్పనిసరిగా ఇస్తారు. ఇప్పుడు వాడే ఏఆర్‌టీ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందును అవి ఒంటబట్టనివ్వవు. పరగడుపున అన్నీ కలిపి మింగితే మందు వృథా. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే ఐరన్, కాల్షియం వేసుకోవాలి. లేదా ఐరన్ గానీ కాల్షియం గానీ అన్నం తింటూ ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు.

గర్భం తొలి నెలల్లో పరీక్ష నెగెటివ్ అని ధీమా పడకూడదు. సోకిన మొదటి వారాల్లో పరీక్షకు అందదు. కిట్‌ను బట్టి మూడు నెలల వరకూ పట్టవచ్చు. పైగా భర్తకు ఆ తర్వాత సోకి ఉండొచ్చు. కడుపుతో ఉండగా కొత్తగా సోకితే తల్లి రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, బిడ్డకు ముప్పు మరీ ఎక్కువ. అందుకే భర్తకూ పరీక్ష, ప్రమాదం ఉన్నవారికి చివరి నెలల్లో మరోసారి చేయాలి. ప్రైవేటు నర్సింగ్ హోములు ఈ రెండో పరీక్షను పట్టించుకోవాలి.

బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే, వైరస్ సోకకుండా కాపాడే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి, కనీసం ఆరు వారాలు రోజూ పట్టాలి. మోతాదు బరువును బట్టి డాక్టరు చెబుతారు. ఇక్కడ పెద్దవాళ్ళకు ఒక మనవి. తేనె, పంచదార నీళ్ళు, ఆవుపాలు నాలుకకు తాకించకండి. మొదటి ఆరు నెలలు తల్లిపాలతో పాటు ఇంకేదైనా కలిస్తే పసి పేగు పొర దెబ్బతిని, వైరస్ లోపలికి దిగే దారి తేలికవుతుంది. తల్లి మందులు వాడుతూ తన పాలే ఇస్తే చాలు.

ఆరో వారంలో మడమ నుంచి రక్తపు చుక్కలు కార్డు మీద తీసి పంపుతారు. ఈ పరీక్ష నేరుగా వైరస్‌నే వెతుకుతుంది. యాంటీబాడీలను (వైరస్‌కు ఎదురుగా ఒంట్లో తయారయ్యే రక్షక ప్రోటీన్లను) చూసే మామూలు కిట్ పరీక్షలో పాజిటివ్ వస్తే మాత్రం వెంటనే ఏడవద్దు. తల్లి యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు. కిట్ పరీక్షతో తుది నిర్ధారణ ఆ తర్వాతే. అప్పటివరకూ పరీక్షలకు తీసుకెళ్తూనే ఉండాలి.

కేసు షీట్ మీద ఎర్ర సిరాతో రాయడం, మంచానికి గుర్తు కట్టడం మాత్రం మానాలి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రహస్యాన్ని కాపాడమంటోంది, వివక్షను నిషేధించింది. పేరు బయటపడుతుందన్న భయమే ఆ అమ్మాయి చేత మాత్రలు అత్తగారింట్లో వదిలిస్తోంది. ఉచిత హెల్ప్‌లైన్ 1097 నంబరు ప్రతి ప్రసూతి వార్డు గోడ మీదా తెలుగులో పెద్దగా రాయించమని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

— కొందరు ఆరోగ్య కార్యకర్తలు, ఒంగోలు