జాంజిబార్ బుకింగ్‌కు ముందు ఇక పంచాంగం చూస్తాం

మా దగ్గర జాంజిబార్ (ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర, టాంజానియాకు చెందిన దీవి) ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు, తీసుకోబోయేవాళ్లకు నమస్కారం.

ఈ మధ్య మాకు ఎక్కువగా వస్తున్న ఫిర్యాదు ఒకటే. "ఫోటోలో సముద్రం గది ముందే ఉంది. తీరా వెళ్తే ఎక్కడో దూరంగా గీతలా కనిపించింది." తూర్పు తీరంలోని పాజే, జాంబియాని వైపు దిగిన కుటుంబాలే ఈ మాట అంటున్నాయి. ఒకరైతే సగం డబ్బు వాపసు ఇమ్మన్నారు. ఇవ్వలేదు. ఆటుపోట్లు హోటల్ వాళ్ల చేతిలోవీ కావు, నా చేతిలోవీ కావు. కానీ ఇకనుంచి తేదీలు, బీచ్ నిర్ణయించే పద్ధతి మాత్రం మారుస్తున్నాం.

విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అందుకే మనం ఆ సంగతే పట్టించుకోం. జాంజిబార్‌లో పౌర్ణమి, అమావాస్యలకు అది మూడు నుంచి నాలుగు మీటర్లు. తూర్పు తీరంలో పగడపు దిబ్బ దాకా నేల చదునుగా ఉంటుంది కాబట్టి నీళ్లు తీశాయంటే చాలా దూరం పోతాయి. ఆ రోజుల్లో పొద్దున పదింటి ప్రాంతంలో పూర్తి ఆటు, సాయంత్రం నాలుగింటికి పోటు. అంటే మీరు టిఫిన్ చేసి ఈత డ్రెస్సు వేసుకుని వచ్చేసరికి పడవలు ఇసుకలో ఒక పక్కకు ఒరిగి ఉంటాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆ వేళే ఇష్టం. ఊళ్లోని ఆడవాళ్లు చీలమండల లోతు నీళ్లలో వంగి, మేకులకు కట్టిన తాళ్ల నుంచి సముద్రపు నాచు కోసి గోతాల్లో నింపుతుంటారు. కర్రలు పట్టుకుని ఆక్టోపస్‌ల కోసం వెతికేవాళ్లూ కనిపిస్తారు. మీరూ నడవొచ్చు, కానీ కాళ్లకు రబ్బరు బూట్లు ఉండాల్సిందే. సముద్రపు ముళ్లజీవులు గుచ్చుకుంటే ఆ రోజు ప్రోగ్రాం పోయినట్టే. నాచు తోటల మధ్య నుంచి తొక్కుకుంటూ పోవద్దు, అది వాళ్ల పంట.

పిల్లలతో వచ్చేవాళ్లకు, ఈతే ముఖ్యం అనుకునేవాళ్లకు ఇకనుంచి ఉత్తరాన ఉన్న నుంగ్వీ, కెండ్వాలే ఇస్తాం. అక్కడ ఆటు వేళ కూడా ఈదేంత నీళ్లుంటాయి. గది అద్దె ఎక్కువ, జనమూ ఎక్కువే. కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నీళ్లపై జారే ఆట) కోసం వచ్చేవాళ్లకు పాజేనే బాగుంటుంది.

ఇక తేదీలు. దీపావళి అంటేనే అమావాస్య, కాబట్టి తూర్పు తీరానికి ఆ సెలవులు కుదరవు. దసరా సెలవులు చక్కగా సరిపోతాయి. అష్టమి నుంచి ఏకాదశి దాకా పోటు తక్కువ, ఆటూ తక్కువే. నీళ్లు మరీ దూరం పోవు, పైగా పోటు పొద్దున పూటే వస్తుంది. ఏప్రిల్, మే నెలలకు బీచ్ బుకింగులు తీసుకోం. మన పిల్లలకు అప్పుడే సెలవులని తెలుసు, రేట్లు కూడా బాగా పడిపోతాయి. కానీ అవి అక్కడ పెద్ద వానల నెలలు. కొన్ని హోటళ్లు మూసే ఉంటాయి.

ఖర్చు సంగతి. 2024 అక్టోబర్ నుంచి జాంజిబార్‌కు వచ్చే విదేశీయులు అక్కడి ఇన్సూరెన్సే తీసుకోవాలి, పెద్దవాళ్లకు 44 డాలర్లు. ఇండియాలో తీసుకున్న పాలసీ ఉన్నా ఇది తప్పదు. ఇకమీద దీన్ని ప్యాకేజీ ధరలోనే కలిపి చూపిస్తాం, అందుకే ధర పెరిగినట్టు కనిపిస్తుంది. కెన్యాలోని డయానీ బీచ్ కూడా కలపమనేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఇండియా ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ తప్పకపోవచ్చు.

దీవి దక్షిణాన ఉన్న కిజిమ్‌కాజీలో డాల్ఫిన్లను చూపించే ట్రిప్ తీసేశాం. పడవలన్నీ కలిసి వాటిని తరమడం చూడలేకపోయాం. అడిగినా వేయం.

దీపావళికి తూర్పు తీరంలో ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఈ నెలాఖరులోగా వాట్సాప్‌లో చెబితే నుంగ్వీకి మారుస్తాం. మా చార్జీ ఏమీ ఉండదు. గది అద్దెలో తేడా మాత్రం మీరే కట్టుకోవాలి.