కట్టు విప్పాకే అసలు పని మొదలవుతుంది

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో జిల్లా పేజీ రోజూ చదువుతాను. పుట్టుకతో పాదాలు వంకర తిరిగిన పిల్లలకు ఉచితంగా చికిత్స చేశారని అప్పుడప్పుడూ ఫొటోతో వార్త వస్తుంటుంది. చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది, కానీ ఆ వార్త ప్రతిసారీ కట్టు విప్పిన రోజుతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగైదేళ్ల పాటు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు, అందుకే నేను రాస్తున్నాను.

మాది పల్నాడు జిల్లాలో మిర్చి పండే పల్లె. 2021లో మా బాబు పుట్టినప్పుడు రెండు పాదాలూ కిందికి, లోపలికి తిరిగిపోయి, అరికాళ్లు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి. గ్రహణం నాడు నేను బయట తిరిగానని, అందుకే ఇలా అయిందని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అదే నమ్మి బాలింతగా ఉండి రోజూ ఏడ్చాను. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వెయ్యి కాన్పుల్లో సుమారు ఒకరికి ఇలా వస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లలకు రెండింతలు ఎక్కువ, ఇలా పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. తల్లి తప్పేమీ లేదనే ఒక్క మాట కాన్పు గదిలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నీళ్లు పోసే అవ్వ నూనె రాసి రోజూ లాగితే అదే సరవుతుందంది. మూడు వారాలు అలాగే పోయాయి. తర్వాత ఆశా అక్క బలవంతం మీద 90 కిలోమీటర్లు ప్రయాణం చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ చేసింది పొన్సెటి పద్ధతి. అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి అనే డాక్టరు గారు కనిపెట్టారట. వారం వారం పాదాన్ని చేత్తో కొంచెం కొంచెం సరిచేస్తూ, తొడ దాకా పిండికట్టు వేస్తారు. మా వాడికి 6 కట్లు పడ్డాయి, తర్వాత మడమ వెనక బిగుసుకున్న తాడులాంటి స్నాయువుకి చిన్న గాటు పెట్టి వదులు చేసి, చివరి కట్టు 3 వారాలు ఉంచారు. పెద్ద ఆపరేషన్ ఏమీ లేదు. ఆ డాక్టరు గారి హస్తవాసి మంచిది, కట్టు విప్పిన రోజు తిన్నగా ఉన్న ఆ పాదాలు చూసి నేనూ మా ఆయనా అక్కడే ఏడ్చేశాం.

అదే రోజు మా చేతిలో మధ్యలో రాడ్డు ఉన్న బూట్లు పెట్టారు. మా వెనక చాలామంది వరుసలో ఉన్నారు. ఎలా తొడగాలో ఒకసారి చూపించి, కొన్నాళ్లు రోజంతా వేయండి, తర్వాత రాత్రిళ్లు వేయండి అని చెప్పి పంపేశారు. మొదటి 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత 4, 5 ఏళ్లు వచ్చేదాకా పడుకున్నంతసేపూ వేయాలని నాకు ఆ రోజు అర్థం కాలేదు. పాదం మళ్లీ వంకర తిరిగేది ఎక్కువగా ఈ బూట్లు మానేసిన పిల్లల్లోనేనని కూడా తెలియదు.

మరుసటి ఏడాది మిర్చి కోతలు వచ్చాయి. పగలంతా ఎండలో కోసి వచ్చి పడుకుంటే రాత్రి బూట్లకి వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు, పసివాడికి ఈ సంకెళ్లేంటని మా అత్తగారు విప్పేసేవారు, నేనూ పోనీలే పాదాలు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. అలా రెండు నెలలు మానేశాం. కోతలు అయిపోయి చూసుకునేసరికి మడమ నేలకి ఆనడం లేదు, ముని వేళ్ల మీద నిలబడుతున్నాడు. మళ్లీ అదే బస్సు, మళ్లీ 3 కట్లు.

ఈ రెండోసారి మాత్రం ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను కూర్చోబెట్టుకుని అరగంట చెప్పింది. ఆ అరగంట మొదటిసారే దొరికి ఉంటే మా వాడికి రెండోసారి కట్లు పడేవి కావు. మోకాలు చాపి ఉంచి, మడమని అరచేతిలో పట్టుకుని, పాదం మొత్తాన్ని పైకి వంచి పది లెక్కపెట్టేదాకా అలాగే పట్టుకోవాలట. నేను అంతకుముందు వేళ్లు పట్టుకుని పైకి నెట్టేదాన్ని. అలా చేస్తే పాదం మధ్యలో వంగుతుందే తప్ప మడమ కిందికి దిగదని ఆమె నా చేతి మీద చెయ్యి పెట్టి చూపించాక తెలిసింది. బూటు తొడిగాక మడమ లోపలికి పూర్తిగా దిగిందో లేదో చూసి ముందు మధ్య పట్టీ బిగించాలి. బొబ్బ లేచిందంటే చాలాసార్లు బూటు వదులై లోపల కాలు జారుతోందని అర్థం, అప్పుడు తీసి పక్కన పెట్టేయకుండా తీసుకెళ్లి చూపించాలి. రాడ్డుతో ఒక్కో కాలు విడిగా ఆడించలేక పిల్లలు ఏడుస్తారు, రెండు మోకాళ్లూ కలిపి వంచుతూ చాపుతూ ఆడిస్తే త్వరగా అలవాటు పడతారు. ఇంకోటి నాకు చాలా నచ్చింది. నడక వచ్చాక వాడిని గొంతుక్కూర్చోబెట్టి, మడమలు నేలకి ఆనేలా చూసి, వాడి ముందు గోళీలు, గిన్నెలు లాంటివి పెట్టి ఆడుకోమనాలట, అదే పెద్ద ఎక్సర్‌సైజు అంది. దీనికి మెషీన్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు, చెప్పే మనిషి ఉంటే చాలు.

అక్కడ వేరే పిల్లల్నీ చూశాను. మోచెయ్యి విరిగి కట్టు విప్పాక, బిగుసుకుపోయిందని ఇంట్లో రోజూ నూనెతో గట్టిగా లాగిన ఒక బాబు వచ్చాడు. పిల్లల మోచేతిని అలా లాగితే కండలో ఎముకలా గట్టిపడి ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉందని వాళ్ల నాన్నకి చెబుతుంటే విన్నాను. చిన్నపిల్లలకి కూడా కీళ్లవాతం వస్తుందని, మందులతో పాటు కీళ్లు కదిలించకపోతే వంగినవి వంగినట్టే ఉండిపోతాయని అక్కడే తెలిసింది. అందరిదీ ఒకటే కష్టం, ఇంటికెళ్లాక చేయాల్సింది రోజూ ఉంది, సరిగ్గా చేస్తున్నామో లేదో చూసేవాళ్లు దగ్గర్లో లేరు.

ప్రభుత్వానికి ఈ విషయం పట్టలేదని నేను అనను. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూడాలి, వంకర పాదం ఆ జాబితాలోనే ఉంది, అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయాలి, అందులో బయటపడినవాళ్లకి జిల్లా స్థాయిలో డీఈఐసీలు, అంటే పిల్లల లోపాలకి తొందరగా చికిత్స మొదలుపెట్టే కేంద్రాలు పెట్టారు. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకి భవిత కేంద్రాలున్నాయి. కానీ బూట్లు వేసుకునే వయసు అంతకంటే ముందుది, పుట్టిన కొన్ని నెలల నుంచి ఐదేళ్ల దాకా. ఆ వయసు పిల్లాడికి ఏడాదికి రెండుసార్లు చూస్తే సరిపోదు, రెండు నెలలు మానేస్తేనే మా వాడి పాదం తిరిగిపోయింది. జిల్లా కేంద్రానికి ప్రతి నెలా వెళ్లాలంటే కూలి పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి బస్సులో నాకు టికెట్ లేదు, అది నిజంగా పెద్ద సాయం, కానీ ఆ రోజు కూలి ఎవరిస్తారు?

కాబట్టి నేను అడిగేది ఇదీ. నెలకి ఒక్క రోజు, ముందే చెప్పిన తేదీన, మండలంలోని పీహెచ్‌సీకి ఒక ఫిజియోథెరపిస్టు రావాలి. ఆశా అక్కలకి, అంగన్‌వాడీ టీచర్లకి బూటులో మడమ దిగిందో లేదో చూడటం నేర్పాలి, వాళ్లు ఎలాగూ ఇంటికి వస్తూనే ఉంటారు. కట్టు విప్పిన రోజు తల్లితో పాటు ఇంట్లో పెద్దవాళ్లనీ పిలిచి చెప్పాలి, ఎందుకంటే బూట్లు విప్పేది చాలాసార్లు జాలితో వాళ్లే. బొమ్మలతో తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. కాలు పెరిగాక పెద్ద సైజు బూట్లు మండలంలోనే దొరకాలి, మేము వాటి కోసమే రెండుసార్లు తిరిగాం.

మా వాడు ఇప్పుడు అంగన్‌వాడీకి పరిగెత్తుకుంటూ వెళ్తాడు. రాత్రి బూట్లు ఇంకా వేస్తున్నాం, ఈ మధ్య వాడే తెచ్చి ఇస్తున్నాడు. మా పక్క ఊళ్లో మొన్న ఇలాగే ఒక పాప పుట్టింది, వాళ్లమ్మకి నాకు తెలిసినంత నేను చూపించాను, కానీ నేను డాక్టర్నీ కాను, థెరపిస్టునీ కాను. మన జిల్లాలో ఏ కేంద్రంలో ఏ రోజు పిల్లల ఫిజియోథెరపిస్టు ఉంటారో మీరు కనుక్కుని, నెలకోసారి జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి వేస్తే, ఆ కాగితం కత్తిరించి వాళ్లింటికి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, పల్నాడు జిల్లా