రింగు కాళ్లకు చేయి అందించిన అందరికీ కృతజ్ఞతలు

కాళ్లకు రింగు ఫ్రేములు (కాలి చుట్టూ లోహపు రింగులు పెట్టి, తీగలు, పిన్నులతో ఎముకకు బిగించేవి), రాడ్లు, ప్లేట్లు వేయించుకుని ఇళ్లకు వెళ్లిన పేషెంట్ల కోసం వానలకు ముందు మేం అడిగిన సామానంతా చేరింది. అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది. హైదరాబాద్‌లో ఆర్థో వార్డుల్లో పనిచేసే నర్సులు, ఫిజియోథెరపిస్టుల తరఫున ఈ నాలుగు మాటలు. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు, రాయడం లేదు. మీరిచ్చిన వస్తువు ఏ పనికొచ్చిందో, అది లేకపోతే ఏమయ్యేదో మాత్రం చెప్పి తీరాలి. ఆపరేషన్ ఆసుపత్రిలో కొన్ని గంటల్లో అయిపోతుంది. చాలా చిక్కులు ఇంటికెళ్లాకే మొదలవుతాయి.

ముందుగా పాతబస్తీ, సుల్తాన్ బజార్ దర్జీలకు. పెద్దవాళ్ల పిక్కకు వేసే రింగు లోపలి వెడల్పు మామూలుగా 15 నుంచి 18 సెంటీమీటర్లు. రింగు వెడల్పు, బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు కలిస్తే 22, 24 అవుతుంది. అంటే పైజామా కాలు చుట్టుకొలత 75 సెంటీమీటర్లన్నా ఉండాలి. బజార్లో ఏ పైజామా అంత ఉండదు. లుంగీ ఉంది కదా అంటారు, కానీ బస్సెక్కాల్సిన ఆడపిల్లకు, కాలేజీకి వెళ్లే కుర్రాడికి లుంగీ ఎట్లా కుదురుతుంది? మీరు పక్క కుట్టు తొడ దాకా విప్పి, కలీ (అదనపు గుడ్డ ముక్క) వేసి, టిచ్ బటన్లు కుట్టిచ్చారు. జిప్పు వద్దని మీలో ఒకరు ముందే అన్నారు, అది చాలా సరైన మాట. తీగ కొసలు జిప్పు పళ్లలో ఇరుక్కుంటే, లాగినప్పుడల్లా తీగ చర్మంలో కదులుతుంది.

ఆ కదలికే అసలు శత్రువు. పిన్ను చుట్టూ చర్మం అటూఇటూ జారుతుంటే అక్కడ నీరు కారుతుంది, ఎర్రబడుతుంది, ఆ తర్వాత చీము. ఫ్రేము వేసినవాళ్లలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. మొదట్లోనే చూపిస్తే చాలావరకు మాత్రలతో తగ్గుతుంది. వదిలేస్తే పిన్ను వదులై, ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగి, పిన్నే తీసేయాల్సి వస్తుంది. అందుకే గాజుగుడ్డను పిన్ను చుట్టూ చుట్టి, చర్మం మీద కొద్దిగా ఒత్తిడి పడేలా క్లిప్పుతో ఆపుతాం. ఒక పిన్ను తుడిచిన గుడ్డతో ఇంకో పిన్ను తుడవకూడదు. ఏ మందుతో తుడవాలి, పిన్ను చుట్టూ కట్టిన పక్కు తీయాలా వద్దా అన్నది మీ సర్జన్ చెప్పినట్టే చేయండి, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పసుపు, కొబ్బరినూనె మాత్రం ఎవరూ చెప్పరు. కోఠీ మెడికల్ షాపుల వాళ్లు డబ్బాలకొద్దీ ఇచ్చిన గాజుగుడ్డ ఈ పనికే పోయింది. దర్జీలు కుట్టిన నూలు గలీబులు దుమ్ము, ఈగలు తగలకుండా ఫ్రేము మీద తొడగడానికి. మనిషికి రెండేసి ఇచ్చాం, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి వాడుకోవడానికి.

రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల వాళ్లు పది-పదకొండు సైజు పానాలు పంపారు, ఫ్రేము నట్లు తిప్పడానికి. నట్లు తిప్పడం ఎందుకని కొందరు అడిగారు, కాబట్టి చెబుతున్నాం. రింగులతో ఎముకను పెంచే ఈ పద్ధతిని 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో డాక్టర్ ఇలిజారోవ్ అభివృద్ధి చేశారు. ఎముకను జాగ్రత్తగా కోసి, 5 నుంచి 7 రోజులు ఆగి, ఆ తర్వాత రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున రెండు ముక్కలను దూరం జరుపుతూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. రింగులను కలిపే మర రాడ్డు మీద నట్టు ఒక చుట్టు తిరిగితే రింగు 1 మిల్లీమీటరు కదులుతుంది. ఆ ఒక్క చుట్టునూ రోజులో నాలుగుసార్లు పావు చొప్పున తిప్పాలి. చిక్కల్లా ఇక్కడే ఉంది. నట్టుకు ఆరు పలకలు, పావు చుట్టు అంటే ఒకటిన్నర పలక. ఒకరు ఒక పలకే తిప్పుతారు, ఇంకొకరు రెండు తిప్పేస్తారు. తక్కువ తిప్పితే ఎముక ముందే అతుక్కుపోయి మళ్లీ కోయాల్సి వస్తుంది. ఎక్కువ తిప్పితే కొత్త ఎముక పలచబడుతుంది, నరం సాగుతుంది. పాదం తిమ్మిరెక్కినా, బొటనవేలు పైకి లేవకపోయినా తిప్పడం ఆపి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

దీనికి విరుగుడు ఒక చుక్క నెయిల్ పాలిష్. నట్టు మీద ఒక గుర్తు, రింగు మీద నాలుగు గుర్తులు పెడితే చదువురాని పెద్దమ్మ కూడా తప్పు లేకుండా తిప్పుతుంది. రింగుకు అటూఇటూ రెండు నట్లుంటాయి. ఒకటి వదులు చేసి రెండోది తిప్పాలి, మళ్లీ మొదటిది బిగించాలి. ఉన్న రాడ్లన్నీ సమానంగా తిప్పకపోతే (సర్జన్ కావాలని తేడా చెప్పినప్పుడు తప్ప) కాలు ఒక పక్కకు వంగుతుంది. తెలుగులో, ఉర్దూలో టిక్కు పెట్టుకునే చార్టులు ఉచితంగా కొట్టిచ్చిన చిక్కడపల్లి డీటీపీ షాపు మిత్రులకు ఈ సందర్భంగా దండాలు. 5 సెంటీమీటర్లు పెంచాలంటే తిప్పడానికే 50 రోజులు, ఎముక గట్టిపడేదాకా ఫ్రేము ఇంకా నెలలు ఉంటుంది. అన్నాళ్లు లెక్క నోటితో గుర్తుండదు.

చెప్పులు కుట్టే అన్నలకు ప్రత్యేకంగా. ఎముక సాగినంత తేలిగ్గా పిక్క కండరం సాగదు. మడమను పైకి లాగేస్తుంది, పాదం కిందికి వాలిపోతుంది. ఎముక చక్కగా పెరిగి కూడా మనిషి మునివేళ్ల మీద నడవాల్సిన పరిస్థితి వస్తే ఏం లాభం? మీరు హవాయి చెప్పు అట్టకు ముందువైపు రెండు పక్కలా కొక్కేలు బిగించి, వెడల్పాటి సాగే నాడాతో పై రింగుకు కట్టేలా చేశారు. పాదం పిక్కకు 90 డిగ్రీల్లో నిలుస్తోంది. నాడా మరీ బిగువుగా ఉంటే వేళ్ల మొదట్లో పుండు పడుతుంది, అందుకే పూటకోసారి విప్పి చూడమని చెబుతున్నాం.

రక్తం ఇచ్చినవాళ్లకు. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనిపించకుండానే లీటరు, లీటరున్నర రక్తం లోపలే పోతుంది. మీరిచ్చిన యూనిట్లు అలాంటివాళ్లకే వెళ్లాయి. మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగండి.

రాత్రిపూట ఫోన్లు ఎత్తి పేషెంట్లను వెనక్కి ఆసుపత్రికి తీసుకొచ్చిన ఆటో అన్నల గురించి ఎంత చెప్పినా తక్కువే. పిక్క ఎముక విరిగి సిమెంటు కట్టు వేసుకున్న మనిషికి, మందు బిళ్లకు లొంగని నొప్పి, వేళ్లను మనం వంచితే కేక పెట్టేంత నొప్పి ఉంటే అది మామూలు నొప్పి కాదు. కండరం చుట్టూ ఉండే పొర లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడడం లేదన్నమాట. నాడి కొట్టుకుంటోంది కదా అని ఊరుకోకూడదు, కండరం చచ్చిపోతున్నా నాడి అందుతుంది. కాలిని గుండె ఎత్తులోనే ఉంచాలి, దిండ్లు పేర్చి ఎత్తకూడదు. ఆసుపత్రిలో కట్టును లోపలి దూదితో సహా చర్మం దాకా చీల్చాలి. తగ్గకపోతే పొరలు కోసి ఒత్తిడి వదలాలి. దాదాపు 6 గంటల్లో ఇదంతా జరగాలి, ఆలస్యమయ్యేకొద్దీ కండరం తిరిగి రాదు. వెదురు బద్దల కట్టయినా, సిమెంటు కట్టయినా బిగిస్తే ఇదే గతి. తెల్లారాక చూద్దాంలే అనకుండా ఆటో తీసిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కారం.

ఇంకొక మాట ఇళ్లలో పెద్దవాళ్లకు. ఆపరేషన్ తర్వాత ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె పెట్టి మర్దన చేయకండి. సిరలో గడ్డకట్టిన రక్తం ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు. వెంటనే డాప్లర్ (సిరలో రక్తం ఆడుతోందో లేదో చూసే స్కాన్) తీయించాలి. మా మాట విని నూనె గిన్నె పక్కన పెట్టిన అత్తమ్మలకు, నానమ్మలకు కూడా థాంక్స్.

వాకర్లు, కమోడ్ కుర్చీలు ఇచ్చిన కుటుంబాలకు కృతజ్ఞతలు. తుంటి మార్పిడి అయినవాళ్లకు ఎత్తు సరిపోకపోతే కుర్చీ వల్లే కీలు జారొచ్చు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. అందుకే పొట్టివాటికి కాళ్లు పొడిగించి పంపాం.

ఇక పానాలు చాలు, దయచేసి పంపకండి. సంచి నిండా ఉన్నాయి. ఇప్పుడు కావాల్సింది రెండంగుళాల సాగే నాడా, చంక కర్రలకు అడుగున వేసే రబ్బరు బూట్లు. అరిగిన బూటుతో తడి గచ్చు మీద కర్ర జారుతుంది. పాత కర్రలు ఇచ్చేవాళ్లు ఒకసారి తిప్పి అడుగు చూసి ఇవ్వండి.