పూటకు పూట బదులు

సంపాదకులకు నమస్కారం.

రోహిణి కార్తె దగ్గర పడుతున్న ఈ రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ఊళ్ళలో పెంకుటిళ్ళ వాళ్ళందరికీ ఒకటే బెంగ. మృగశిర ప్రవేశించి తొలకరి పడేలోగా కప్పు మీద పగిలిన పెంకులు మార్చుకోవాలి, చెదపట్టిన వాసం ఉంటే తీయించాలి, రెండు వాలులు కలిసే కొప్పు మీది పెంకుల సందుల్లో రాలిపోయిన సిమెంటు మళ్ళీ పూయించాలి. పని పెద్దది కాదు గాని, చేసే మనిషి దొరకడం గగనమైపోయింది. తాపీ పని, వడ్రంగం, రాడ్‌ బెండింగ్‌ తెలిసిన మా మగవాళ్ళలో చాలామంది హైదరాబాదులోనో చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఎవరెవరి ఇళ్ళో కడుతూ ఉంటారు, సంక్రాంతికి వచ్చి కనుమ దాటగానే రైలెక్కుతారు. ఇక్కడ మిగిలిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వాన మొదలయ్యాక ఇంటినిండా గిన్నెలు పరుచుకుంటారు. ఈ విషయంలో మా నేస్తాలం అయిదుగురం కొన్నేళ్ళుగా చేసుకుంటున్న ఒక ఏర్పాటు గురించి, దానివల్ల నాకు తెలిసివచ్చిన సంగతి గురించి పాఠకులతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మందస మండలంలోని ఒక పల్లెలో ఉంటాను. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మాది మా మామగారు కట్టించిన ఇల్లు, తాటి దూలాల మీద బెంగుళూరు పెంకుల కప్పు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి మా పెరట్లో కొబ్బరి చెట్లు కూలాయి, కప్పు మీద ఒక వాలు పెంకులు చెల్లాచెదురయ్యాయి. జీడి తోటలు వేళ్ళతో సహా పెకలిపోయి, కరెంటు స్తంభాలు నేలకొరిగి, ఊరంతా తాగే నీటికోసం తిరుగుతున్న ఆ రోజుల్లో మా ఇంటి పెంకుల గురించి ఎవరితో చెప్పుకోను? టార్పాలిన్‌ కట్టుకున్నాం. తరువాత ఒక మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తే రెండు పూటలు పని చేసి మళ్ళీ కనిపించలేదు. అప్పటికే మా ఆయన పోయి మూడేళ్ళు. అత్తగారూ నేనూ పిల్లవాడూ రెండు వర్షాకాలాలు మంచాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి జరుపుకుంటూ గడిపాం.

ఆ రెండేళ్ళూ నా నేస్తాలకు ఈ మాట చెప్పలేదు. పదో తరగతి నుంచి కలిసి తిరిగినవాళ్ళం, ఒకరి పురుడుకు ఒకరం వెళ్ళినవాళ్ళం, అయినా నోరు రాలేదు. ఎవరి కష్టం వాళ్ళకుందని నాకు తెలుసు. ఒకామె పలాసలో జీడిపప్పు కర్మాగారానికి వెళుతుంది. జీడి సొన తగిలి ఆమె వేళ్ళ చర్మం ఎప్పుడూ నల్లగా, పొరలు పొరలుగా ఊడుతూ ఉంటుంది. ఒకామె కిరాణా కొట్టు నడుపుకుంటూ మంచాన పడిన తండ్రిని చూసుకుంటోంది. ఒకామెకు మా ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల జబ్బే వచ్చింది. ఇంకొకామె భర్త చెన్నైలో పనిలో ఉంటే ఇద్దరు పిల్లలను, మేకలను ఒక్కతే సాకుతోంది. ఇలాంటి వాళ్ళ దగ్గరకు వెళ్ళి మా ఇల్లు కారుతోంది, రండమ్మా అని ఏ ముఖం పెట్టుకుని అడగను? ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ళు కూడా అదే కారణంతో నాతో ఎన్నో మాటలు దాచారని తెలుస్తోంది.

ఒక ఆషాఢంలో కొట్టు నడిపే నేస్తం ఏదో దరఖాస్తు రాయించుకోవడానికి సాయంత్రం పూట మా ఇంటికి వచ్చింది. ఆమె కూర్చోగానే వాన మొదలైంది. నేను లేచి గిన్నెలు పెట్టడం ఆమె చూసింది. ఏమీ అనలేదు. వాన వెలిసిన మూడో రోజు, ఆదివారం పొద్దున, నలుగురూ కలిసి మా గుమ్మంలో నిలబడ్డారు. వెంట ఒక నిచ్చెన, తాడు, రెండు బల్లలు, చేతిలో కత్తి.

ఆనాటి పని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది తెలియకనే చాలామంది కప్పు జోలికి వెళ్ళడానికి భయపడతారు. మేకలు సాకే నేస్తం తండ్రి ఇళ్ళు నేసే పనివాడు; చిన్నప్పుడు ఆయనకు పెంకులు అందిస్తూ ఆమె పని నేర్చుకుంది. ముందు గది తలుపులు, కిటికీలు అన్నీ మూయించి మమ్మల్ని చీకట్లో నిలబెట్టింది. పగటి వెలుగు పెంకుల సందుల్లోంచి సూది మొనల్లా కనబడింది. వెలుగు కనబడిన ప్రతి చోటా కిందినుంచి ఒక చీపురు పుల్ల దూర్చమంది. పైన ఎక్కినవాళ్ళకు ఆ పుల్లలే గుర్తు. మంచం మీద కారుతున్న చోటికి సరిగ్గా పైన మాత్రం ఏ వెలుగూ లేదు. "నీరు దిగిన కాడే కారదే, వాసం పట్టుకుని జారి ఎక్కడో పడతాది" అని, వాసం మీది నీటి చారను వేలితో పట్టుకుంటూ పైకి వెళితే, రెండు బారల ఎగువన, కొప్పు దగ్గర, నిలువునా చీలిన పెంకు కనిపించింది. రెండేళ్ళు నేను మంచం పైనున్న పెంకులనే అనుమానించాను.

చీర కుచ్చెళ్ళు ఎగగట్టి ఆమే పైకెక్కింది. ఆడది కప్పెక్కడమేమిటని మొదట నొచ్చుకున్న మా అత్తగారే తరువాత నిచ్చెన కాలు పట్టుకుని నిలబడ్డారు. పెంకు మీద నేరుగా అడుగు వేస్తే ఒకటి మార్చబోయి నాలుగు పగులుతాయి గనుక, వాలు మీద బల్ల పరిచి, తాడుతో కదలకుండా బిగించి, దాని మీదే నడిచింది. పగిలిన పెంకుకు ఎగువనున్న పెంకును కాస్త పైకి నెట్టి, పగిలినదాన్ని లాగి, కొత్తదాన్ని దూర్చి, దాని అడుగున ఉండే ముక్కు రీపరుకు, అంటే వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్న కర్రకు, తగులుకునేదాకా కిందికి జార్చాలి. సరిగ్గా కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడు అవుతుంది. ఆ రోజు ఆ చప్పుడు 27 సార్లు విన్నాను. పెంకులు కొనలేదు; కర్మాగారానికి వెళ్ళే నేస్తం అన్నగారు స్లాబు వేసుకోవడానికి విప్పిన పాత ఇంటివి పెరట్లో పేర్చి ఉంటే తెచ్చారు. చెదపట్టిన వాసం ఒకటి మాత్రం పక్క ఊరి వడ్రంగిని పిలిచి, కూలి ఇచ్చి, చేవగల తాటివాసంతో మార్పించాం. బరువు మోసే కర్రను తెలియనివాళ్ళు తాకకూడదని ఆమె గట్టిగా చెప్పింది, ఆ మాట అందరూ గుర్తు పెట్టుకోవాలని నా మనవి.

సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోతుంటే సంతోషంతో పాటు నా మీద ఏదో బరువు పడినట్టయింది. కూలి ఇస్తే తీసుకోరు. ఊరికే తీసుకోవడం నాకు చేతకాదు. ఆ రాత్రి మా అత్తగారు, ఉభాల వేళ, అంటే వరినాట్లప్పుడు, తమ చిన్నతనంలో ఈ రోజు మీ మడి, రేపు మా మడి అని బదులు పనికి వెళ్ళేవారని, పోయిన పూటను పూటతోనే తీర్చుకునేవారని చెప్పారు. పసుపు కుంకుమలు, కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని నేస్తం కట్టుకునే ఆనవాయితీ మా ఊళ్ళలో ఉండనే ఉంది. అయితే పూర్వం అంతా బాగుండేదని నేను అనబోవడం లేదు. పెద్ద రైతు పిలిస్తే పేదవాడు వెళ్ళి చేసిన సాయానికి బదులు వచ్చేది కాదు, దాన్ని సాయం అనడమే తప్పు. ఆ పనులు కూలి డబ్బుల్లోకి మారడం మంచికే జరిగింది. కాని సమానుల మధ్య నడిచిన బదులు పని కూడా దానితోపాటే పోయింది.

మరుసటి వారం నేను ఒక నోటు పుస్తకం కొని వాళ్ళ ముందు పెట్టాను. ఎవరు ఎవరికి ఎన్ని పూటలు పని చేశారో రాసుకుందామన్నాను. కొట్టు నేస్తానికి కోపం వచ్చింది. "ఓలమ్మా, నేస్తాల మధ్య లెక్కలేటే? నానేటి పరాయిదాన్నా?" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది, అయినా పట్టు విడవలేదు. లెక్క లేకపోతే నేను మళ్ళీ అడగలేనని, ఈసారి కప్పు కారినా నోరు మూసుకునే ఉంటానని ఉన్నమాట చెప్పాను. అప్పుడు ఒప్పుకుంది. పని ఏదైనా పూటకు పూటే అన్నది మా మధ్య నియమం. కప్పెక్కి పెంకులు మార్చిన పూటా, ఆమె మేకలను నేను కాసిన పూటా ఒకటే. రవికెలు కుట్టడం, పింఛను కాగితాలు రాసిపెట్టడం, మంచానపడిన తండ్రి దగ్గర కూర్చుని కూతురిని పెళ్ళికి పంపడం, గోడకు సున్నం వేయడం, అన్నిటికీ పుస్తకంలో ఒకే విలువ. ఇదే మా ఏర్పాటు ప్రాణమని నా నమ్మకం, ఎందుకంటే కప్పు ఎక్కలేనివాళ్ళు కూడా కప్పు పని అడగగలుగుతున్నారు.

జబ్బుపడిన నేస్తం విషయంలో మాత్రం ఈ లెక్క మొదట తప్పింది. ఆమెకు డయాలసిస్‌ మొదలయ్యాక వారానికి రెండు మూడు సార్లు సోంపేటకు వెళ్ళాలి. అక్కడ నాలుగేసి గంటలు, రానుపోను ఆటో, ఇంటికి వచ్చాక ఒళ్ళు తెలియని నీరసం. మేం వంతులు వేసుకుని తోడు వెళుతున్నాం. ఆమె పేరు కింద తీసుకున్న పూటలు పెరుగుతూ పోయాయి, ఇచ్చిన పూటలు ఖాళీగా మిగిలాయి. ఒక రోజు ఆటోలో తిరిగి వస్తూ, తన పేరు పుస్తకంలోంచి కొట్టేయమని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కర్మాగారానికి వెళ్ళే నేస్తమే మార్గం చెప్పింది: పుస్తకం ఆమె ఇంట్లోనే ఉండాలి, ఎవరి వంతు ఎప్పుడో చూసి ఫోను చేసి పిలిచే పని ఆమెదే, అలా గడిపిన ప్రతి వారానికీ ఒక పూట ఆమెకు జమ. అది జాలితో ఇచ్చిన పని కాదు. అంతకుముందు మేం మరిచిపోయి వదిలేసిన పనులు ఎన్నో ఉండేవి. ఇప్పుడు ఆదివారం పొద్దున ఆరింటికల్లా ఆమె ఫోను వస్తుంది, "ఫలానా ఇంటి వసారా రేకు మేకు ఊడింది, ఈ వారం నీ వంతు" అని.

ఈ ఉత్తరం ద్వారా కొన్ని కోరికలు కూడా విన్నవించుకుంటున్నాను. ప్రధానమంత్రి ఆవాస్‌ యోజన గ్రామీణ పథకం మైదాన ప్రాంతాల్లో 1,20,000 రూపాయలు ఇచ్చేది కొత్త ఇల్లు కట్టుకోవడానికి. ముప్ఫై పెంకులు, ఒక వాసం మారిస్తే ఇంకో పదేళ్ళు నిలిచే ఇంటికి కావలసినది అంత సొమ్ము కాదు, ఒక నిచ్చెన, నాలుగు బల్లలు, మంచి తాడు, ఒక పూట మనుషులు. నిచ్చెన, బల్లలు, తాడు, రెండు టార్పాలిన్లు ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ ఉంచి, అడిగినవారికి పుస్తకంలో రాసుకుని ఇస్తే చాలా ఇళ్ళు నిలబడతాయి. కప్పు పని చేసేచోట సర్వీసు వైరు తగిలే ప్రమాదం ఉంటుంది గనుక, మే నెలలో ఊరికి ఒక ఆదివారం ముందుగా చాటింపు వేయించి, లైన్‌మెన్‌ ద్వారా కొన్ని గంటలపాటు కరెంటు ఆపించాలని విద్యుత్తు అధికారులను వేడుకుంటున్నాను. తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలల ముందు, అంటే వినాయక చవితి వెళ్ళగానే, ఇదే ఏర్పాటు ఇంకొకసారి జరిగితే మరీ మంచిది. పాఠకులలో ఎవరైనా పనిలోకి దిగితే, పాచిపట్టిన తడి కప్పు మీదికి ఎవరినీ ఎక్కనివ్వవద్దు. సిమెంటు రేకుల కప్పయితే బల్ల లేకుండా అడుగు పెట్టవద్దు, అవి హెచ్చరిక లేకుండా విరుగుతాయి.

డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళకు నా మనవి ప్రత్యేకం. పొదుపు లెక్కలు ఇన్నేళ్ళుగా తప్పులేకుండా రాస్తున్న చేతులు మీవి. ఆ పుస్తకం వెనుక పేజీలో పూటల లెక్క మొదలుపెట్టండి. మొదట ఎవరూ అడగరు, మేమూ అడగలేదు. అందుచేత సంఘంలో ఎవరి ఇంటికి వెళ్ళినా తల ఎత్తి ఒకసారి కప్పు వైపు చూడండి.

మా పుస్తకం ప్రకారం ఈ ఏడాది మొదటి వంతు కొట్టు నేస్తం ఇంటిది. వంటింటి మీద పదకొండు పుల్లలు దూర్చి ఉంచాం, వచ్చే ఆదివారం పని. ఆ పూట ఆమె తండ్రి దగ్గర కూర్చునే వంతు నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా.