చెహోవ్‌ని వదిలెయ్యకు తల్లీ

అమ్మలూ,

థీసిస్‌లో చెహోవ్ అధ్యాయం తీసేస్తానన్నావని నాన్న చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ సాహిత్యంలో నైతికత అంటే టాల్‌స్టాయ్, దొస్తోయెవ్‌స్కీ చాలు, చెహోవ్‌కి సిద్ధాంతమంటూ ఏదీ లేదన్నావట. ఆ చదువుకి ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్లకి నేను జవాబు చెప్పుకుంటాను, నువ్వు ఆ టెన్షన్ పెట్టుకోకు. నా బాధంతా ఆ అధ్యాయం గురించే.

1890లో చెహోవ్‌కి ముప్పై ఏళ్లు. కథకుడిగా మంచి పేరు. దగ్గితే నెత్తురు పడే జబ్బు అప్పటికే ఉంది. సైబీరియా మీదుగా వెళ్లే రైలు దారి పనులు ఇంకా మొదలు కాలేదు. గుర్రబ్బళ్ల మీదా పడవల మీదా రెండు నెలలకి పైగా ప్రయాణం చేసి రష్యా తూర్పు కొసన ఉన్న ఖైదీల ద్వీపం సఖాలిన్ చేరాడు. మూడు నెలలుండి, గుడిసె గుడిసెకీ తిరిగి పేరు, వయసు, మతం, ఎప్పుడొచ్చారు, చదవడం వచ్చా అని అడిగి కార్డుల మీద రాసుకున్నాడు. సుమారు పదివేల కార్డులు!

అక్కడ చూసినదంతా రాస్తే 1895లో పుస్తకంగా వచ్చింది. అందులో ప్రోఖొరోవ్ అనే ఖైదీకి తొంభై కొరడా దెబ్బలు కొట్టే చోటు చదువు. ప్రతి అయిదు దెబ్బలకీ కొట్టేవాడు నెమ్మదిగా ఖైదీ రెండో పక్కకి నడుస్తాడు, ఖైదీకి అర నిమిషం ఊపిరి పీల్చుకోనిస్తాడు. చూడలేక చెహోవ్ బయటికి వెళ్లిపోతాడు. మళ్లీ లోపలికి వస్తాడు. దెబ్బల లెక్క ఇంకా సాగుతూనే ఉంటుంది. సిద్ధాంతం లేదన్నావే, మరి ఆ మనిషి లోపలికి ఎందుకు తిరిగొచ్చాడంటావు?

దొస్తోయెవ్‌స్కీ నవల 'కరమజోవ్ సోదరులు'లో జోసిమా అనే సన్యాసి ఒక డాక్టర్ గురించి చెబుతాడు కదా. మానవాళిని ఎంత ప్రేమిస్తే విడి మనుషుల మీద ప్రేమ అంత తగ్గిపోతోందని ఆ డాక్టర్ బాధ. ఆ నవల ముగిసిన పదేళ్లకి చెహోవ్ అనే నిజం డాక్టర్ ఒక్కొక్క ఖైదీ పేరూ అడుగుతూ తిరిగాడు. ఈ ఇద్దరు డాక్టర్లనీ పక్కపక్కన పెట్టి రాయి. టాల్‌స్టాయ్‌కీ చోటుంది. 1899లో వచ్చిన ఆయన నవల 'రిసరెక్షన్' కూడా ఖైదీల వెంట సైబీరియా దాకా వెళ్లిందే, పైగా దాని మీద వచ్చిన డబ్బు దుఖొబార్లు అనే రష్యన్ క్రైస్తవ శాఖ వాళ్లు కెనడా వెళ్లడానికి ఇచ్చాడు.

నేను ఇంగ్లీషులోనే చదివాను. నువ్వు రష్యన్‌లో ఆ కొరడా దెబ్బల భాగం చదివి, మీ గైడ్‌గారితో మాట్లాడి, అప్పుడు నిర్ణయించుకో. ఆదివారం ఫోన్ చెయ్యి.

అమ్మ